షవర్‌లో వేడినీళ్లు రావట్లా, వాష్ బేసిన్‌లో మాత్రం వస్తుండాయి. టైల్స్ పగలగొట్టక తప్పదా?

కావలి అబ్బాయి:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. మాది కావలి. ఇల్లు కట్టి ఆరేళ్లయింది, మేం పై పోర్షన్‌లో ఉంటాం, నీళ్ల ట్యాంకు మా నెత్తిమీదే. బాత్రూంలో 25 లీటర్ల గీజర్ ఉండాది. దాన్నించి వేడినీళ్ల పైపు ముందు వాష్ బేసిన్‌కి పోయి ఆడ్నించి షవర్‌కి పోద్ది. షవర్‌ది గోడలోపల పెట్టే రకం డైవర్టర్, ఒకటే హ్యాండిల్, ఎడం పక్కకి తిప్పితే వేడి, కుడి పక్కకి తిప్పితే చల్లన.

సమస్య ఏందంటే, దసరా అయిపోయినప్పట్నించి షవర్‌లో వేడినీళ్లు సరిగా రావట్లా. హ్యాండిల్ మొత్తం ఎడమకి తిప్పేసినా గోరువెచ్చగా కూడా ఉండవు, పొద్దున పూట మరీ ఘోరం, ఒకోరోజు మధ్యాహ్నం ఊరికే తిప్పి చూస్తే మటుకు పొగలు కక్కుతా వస్తాయి, నాకేం అర్థం కావట్లా. అదే టైంలో వాష్ బేసిన్‌లో తిప్పితే వేడి వస్తుంది, కాకపోతే ధార సన్నం.

మొన్న ఒక ప్లంబర్‌ని పిలిపించా. వచ్చి హ్యాండిల్ అటూ ఇటూ రెండుసార్లు తిప్పి, లోపల బాడీ పోయింది సార్, టైల్స్ పగలగొట్టి మొత్తం మార్చాలి, రెండు రోజుల పని, సామానుతో కలిపి 9,000 అవుద్ది అన్నాడు. డబ్బు సంగతి అట్టా ఉంచండి, ఆ టైల్స్ డిజైన్ ఇప్పుడు యాడా దొరకట్లా, నాలుగు టైల్స్ పగిలితే ఆ గోడంతా మార్చుకోవాల్సిందే.

నాకు ఇంత కంగారెందుకంటే మా అమ్మ. ఆమెకి కుడి భుజం పట్టేసి మూడు నెలలయింది, డాక్టరు ఫ్రోజెన్ షోల్డర్ అన్నాడు, వేడినీళ్లు భుజం మీద పడేట్టు చూసుకోమన్నాడు. చెయ్యి పైకి లేవదు, బకెట్లో నీళ్లు చెంబుతో ముంచి పోసుకోవాలంటే ఆమెకి కళ్లెంట నీళ్లొస్తాయి. షవర్ కింద నిలబడితే ఆ బాధ లేదు. ఇప్పుడు ధనుర్మాసం, తెల్లారకముందే లేచి స్నానం చేసే అలవాటు ఆమెకి, చల్లనీళ్లు పోసుకోలేక, నన్ను నిద్ర లేపడం ఇష్టం లేక, ఒక చేత్తోనే తంటాలు పడుతుంది. నిన్న చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. టైల్స్ పగలగొట్టకుండా దారేమన్నా ఉందా చెప్పండి.

పెన్నాగట్టు:

బ్రో గీజర్‌లో థర్మోస్టాట్ పోయుంటుంది, మా నెల్లూరులో మా ఇంట్లో కూడా పోయినేడు అంతే, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి మార్పిస్తే సరిపోయింది, ప్లంబర్‌తో పనేముంది.

కావలి అబ్బాయి:

అట్టా అయితే వాష్ బేసిన్‌లో కూడా రాకూడదు కదన్నా. ఆడ చెయ్యి పెట్టలేనంత వేడి వస్తుంది. గీజర్ లైటు కూడా అరగంటకి ఆరిపోతుంది. కాగడం అయితే కాగుతుండాయి, షవర్ దాకా పోవట్లా.

పొదిలి టీచర్:

తమ్ముడూ, టైల్స్ మీద చెయ్యి వెయ్యనీయకు. నీ షవర్ లాంటిదే మా ఇంట్లో ఉంది, పోయినేడాది నేనే బాగుచేసుకున్నా, మా ఆయన ఊళ్లో లేడు, ప్లంబర్ నాలుగు రోజులు రేపు మాపు అన్నాడు, ఇక విసుగొచ్చి నేనే కూర్చున్నా.

గోడలో ఉండే ఆ ఇత్తడి బాడీ అంత తొందరగా పోదు. పోయేది దాంట్లో ఉండే కార్ట్రిడ్జ్. అది ప్లాస్టిక్ డబ్బీ లాంటిది, లోపల రెండు సిరామిక్ బిళ్లలుంటాయి, హ్యాండిల్ తిప్పినప్పుడు ఒకదాని మీద ఒకటి జరిగి వేడికి చల్లనకి దారి ఇస్తాయి. కంపెనీ వాళ్లు దాన్ని ముందు వైపు నుంచే ఊడొచ్చేట్టు పెడతారు, గోడ ముట్టుకోకుండా మార్చుకోవడానికే ఆ ఏర్పాటు.

ముందు పైన ట్యాంకు దగ్గర వాల్వు కట్టేసి, గీజర్ స్విచ్ ఆపేసి, షవర్ తిప్పి పైపులో ఉన్న నీళ్లు పోనిచ్చా. హ్యాండిల్ మీద ఎరుపు నీలం రంగుల చిన్న బొట్టు ఉంటుంది చూడు, దాన్ని పిన్నీసుతో లేపితే కింద చిన్న స్క్రూ, అలెన్ కీతో ఊడదీయాలి. హ్యాండిల్ వచ్చాక గుండ్రటి మూత చేత్తో తిప్పితే వచ్చేస్తుంది, గట్టిగా ఉంటే గుడ్డ చుట్టి తిప్పు, పట్టకారు వేస్తే మెరుపంతా గీతలు పడుతుంది. దాని కింద ఇత్తడి నట్టు, అది ఊడితే కార్ట్రిడ్జ్ చేతికొస్తుంది. మాది బయటికి తీసి చూద్దును కదా, వేడినీళ్ల రంధ్రంలో సున్నం బెడ్డ ఒకటి శనగగింజంత, అడ్డంగా కూర్చోనుంది.

కొత్తది కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకునే షాపుకి పో, ఫోటో చూపిస్తే కుదరదు. 35 ఎంఎం, 40 ఎంఎం అని రకాలు, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, నేను ఫోటో చూపించి తెచ్చుకుని మళ్లీ ఒంగోలు దాకా పోవాల్సి వచ్చింది. అడుగున రెండు చిన్న పుల్లల్లాంటివి ఉంటాయి, అవి బాడీలో ఉన్న గుంటల్లోకి సరిగ్గా దిగాలి, దిగకుండా నట్టు బిగిస్తే కారుతుంది. నీళ్లు కారకుండా ఆపే రబ్బరు చుట్లు, ఓ రింగులంటారు, అవి కూడా ఉన్నాయో లేదో చూసుకో.

ఒంగోలు ప్లంబర్:

టీచరమ్మ గారు చెప్పింది కరెక్టు, డైవర్టర్‌కి వచ్చే రోగాల్లో ఎక్కువ కార్ట్రిడ్జ్‌దే. నేను ఈ పని మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది, గోడలో బాడీ నిజంగా పగిలి మార్చినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తిప్పి చూసి సుత్తి తియ్యడం తప్పు, మా వాళ్లయినా తప్పు తప్పే.

అయితే అబ్బాయ్, నువ్వు చెప్పిన దాంట్లో నాకు ఒక మాట దగ్గర అనుమానం కొడుతుంది. మధ్యాహ్నం పూట బ్రహ్మాండంగా వస్తాయన్నావు. కార్ట్రిడ్జ్‌లో బెడ్డ పడితే పొద్దున్నా పడే ఉంటుంది మధ్యాహ్నమూ పడే ఉంటుంది, పూట చూసుకుని లేచి పోదు కదా. పూటకొకరకంగా ఉందంటే ఆ పూట ఇంట్లో ఇంకెవరో ఏదో చేస్తున్నారు.

కార్ట్రిడ్జ్ కొనకముందు ఈ పరీక్ష చెయ్యి, పైసా ఖర్చు లేదు. గీజర్ స్విచ్ కాదు, మెయిన్ దగ్గర కరెంటు ఆపే పెద్ద స్విచ్, ఎంసీబీ, దాన్నే దించెయ్. తర్వాత గీజర్‌లోకి చల్లనీళ్లు పోయే పైపుకి, నీలం గుర్తు ఉండే వైపు, కింద నీళ్లు కట్టే చిన్న తిప్పుడు, యాంగిల్ కాక్ అంటారు, ఉంటుంది, దాన్ని పూర్తిగా కట్టెయ్. ఇప్పుడు షవర్ హ్యాండిల్ మొత్తం ఎడమకి, వేడి వైపుకి తిప్పి వదులు. గీజర్ పనిచేసేది ఎట్టాగంటే కింద నుంచి చల్లనీళ్లు లోపలికి పోతేనే పైన ఉన్న వేడినీళ్లు బయటికి నెట్టబడతాయి. లోపలికి పోయే దారి మూసేశావు కాబట్టి షవర్‌లో కొద్దిగా వచ్చి ఆగిపోవాలి. ఆగకుండా అట్టాగే పోతా ఉంటే మాత్రం చల్లనీళ్లు ఎక్కడో ఒకచోట వేడి లైన్లోకి జొరబడుతున్నాయని అర్థం. చేసి చెప్పు. మళ్లీ కాక్ తిప్పి, వేడి కుళాయిలో ధార వచ్చిందాకా ఎంసీబీ పైకెత్తొద్దు, నీళ్లు లేకుండా గీజర్ వేస్తే ఎలిమెంటు మాడిపోద్ది.

పెన్నాగట్టు:

అన్నా ట్యాంకు నెత్తిమీదే అన్నాడు కదా, ప్రెజర్ చాలట్లేదేమో, చిన్న ప్రెజర్ పంపు పెట్టిస్తే పోలా?

ఒంగోలు ప్లంబర్:

ప్రెజర్ తక్కువే, కాదన్లా. ట్యాంకు నీళ్లు షవర్‌కంటే 10 మీటర్లు పైన ఉంటే 1 బార్ ప్రెజర్. పై పోర్షన్‌లో మహా అయితే 3 మీటర్లు, అంటే 0.3 బార్. పెద్ద రెయిన్ షవర్లు బిగించుకుని ధార లేదని ఏడ్చేవాళ్లంతా పై పోర్షన్ వాళ్లే. కానీ ఆ లెక్క వేడికీ చల్లనకీ ఒకటే కదా తమ్ముడూ, రెండూ అదే ట్యాంకు నుంచి దిగుతున్నాయి. పంపు పెట్టి, అది చల్లన లైనుకి ఒక్కదానికే పడితే ఇప్పుడు వచ్చే ఆ కాసిని వేడినీళ్లు కూడా రావు, చల్లన తోసేస్తుంది. రోగం తెలియకుండా పంపు జోలికి పోవద్దు.

కావలి అబ్బాయి:

అన్నా ఇప్పుడే చేసినా. మీరు చెప్పినట్టే ఎంసీబీ దించి, గీజర్ కింద నీలం వైపు కాక్ కట్టేసి, షవర్ మొత్తం ఎడమకి తిప్పినా. ఆగలా! పది నిమిషాలు నిలబడి చూసినా, ధార కొంచెం కూడా తగ్గలా, ఫుల్లుగా చల్లనీళ్లు. బేసిన్‌లో వేడి కుళాయి తిప్పినా అంతే, దాంట్లోనూ చల్లనీళ్లు వస్తుండాయి. అంటే కార్ట్రిడ్జ్ పోయినట్టేనా?

ఒంగోలు ప్లంబర్:

ఆగు ఆగు, తొందరపడొద్దు. గీజర్‌లోకి నీళ్లే పోవట్లేదు, అయినా వేడి లైన్లో ఫుల్లు ధార. ఇది దొంగదారి. మా వాళ్లు క్రాస్ అంటారు. వేడి పైపు, చల్లన పైపు రెండూ ఎక్కడో ఒక మిక్సర్ దగ్గర కలుసుకుని ఉన్నాయి. అది నీ షవర్ కార్ట్రిడ్జే కావొచ్చు, లోపల బిళ్ల విరిగితే అట్టా అవుద్ది. వేరే మిక్సర్ కూడా కావొచ్చు.

ఒక్కటి బాగా గుర్తుచేసుకుని చెప్పు. ఆ గీజర్ వేడినీళ్లు బాత్రూంలో కాకుండా ఇంకెక్కడికైనా పోతున్నాయా? వంటింట్లో సింకు, వెనక గిన్నెలు తోమే చోటు, వాషింగ్ మిషను, ఏదైనా? దసరా అన్నావు, ఆ టైంలో ఇంట్లో కుళాయిల పని ఏదన్నా చేయించారా?

కావలి అబ్బాయి:

అన్నా మీకు దండం. ఈ సంగతి నేను రాయనే లేదు, దీనికీ దానికీ సంబంధం ఉంటుందని అసలు తట్టలా.

షవర్ గోడకి అవతలి పక్కే వెనక వసారా, ఆడ గిన్నెలు తోమే సింకు ఉండాది, దానికి రెండు తిప్పుళ్ల మిక్సర్. జిడ్డు గిన్నెలకి వేడినీళ్లుంటే బాగుంటుందని ఇల్లు కట్టేటప్పుడే షవర్ లైన్లోంచి అక్కడికి పైపు లాగించినాం. దసరాకి చుట్టాలొస్తారని దాని ముక్కు తీసేసి స్ప్రే పైపు పెట్టించినా, చేత్తో పట్టుకుని నొక్కితే నీళ్లు చిమ్మేది, వదిలితే ఆగిపోయేది. పనమ్మాయి పొద్దున ఐదున్నరకే వస్తుంది, వచ్చి వేడి, చల్లన రెండు తిప్పుళ్లూ తెరిచి పెట్టుకుంటుంది, తోమడం అయ్యాక స్ప్రే వదిలేస్తుంది, నీళ్లు ఆగిపోయాయి కదా అని తిప్పుళ్లు కట్టదు. మధ్యాహ్నం మా ఆవిడ అన్నాల గిన్నెలు కడిగి రెండూ గట్టిగా కట్టేస్తుంది, ఆమెకి ఆ అలవాటు. అందుకేనా మధ్యాహ్నం వేడిగా వచ్చేది?

ఒంగోలు ప్లంబర్:

దొరికింది. అంతే నాయనా, అంతే.

స్ప్రే దగ్గర మూతి మూసుకుపోయింది, వెనక రెండు తిప్పుళ్లూ తెరిచే ఉన్నాయి. అప్పుడు ఆ మిక్సర్ కడుపులో వేడి లైను, చల్లన లైను కలిసిపోయి ఒకే పైపు అయిపోతాయి. ఇవతల మీ అమ్మ గారు షవర్ వేడి వైపు తిప్పగానే వేడి లైన్లో ఒత్తిడి పడిపోద్ది. గీజర్ దాటి రావాలంటే నీళ్లకి సన్నటి దారి, అడ్డాలు ఎక్కువ. సింకు వైపు నుంచి రావాలంటే అడ్డమే లేదు, ట్యాంకు నుంచి నేరుగా దిగిన చల్లనీళ్లు ఆ మిక్సర్ గుండా వెనక్కి తన్ని వేడి పైపులోంచి షవర్‌కి వచ్చేస్తాయి. హ్యాండిల్ ఎంత ఎడమకి తిప్పినా ఏం లాభం, వేడి పైపులోనే చల్లనీళ్లు ఉన్నప్పుడు. బేసిన్ గీజర్‌కి ఆనుకుని మొదట్లోనే ఉంది, సన్నగా వదులుకుంటారు, కాబట్టి దానికి వేడి అందింది. షవర్ సింకుకి దగ్గర, దానికి చల్లన అందింది.

సింకు కింద రెండు యాంగిల్ కాకులుంటాయి, రెండూ కట్టేసి ఆ పరీక్షే మళ్లీ చెయ్యి. షవర్ ఆగిపోతే దొంగ దొరికినట్టే, కార్ట్రిడ్జ్ కూడా మార్చక్కర్లా.

కావలి అబ్బాయి:

ఆగిపోయింది అన్నా!! సింకు కింద కాకులు రెండూ కట్టినా, గీజర్ నీలం కాక్ కట్టినా, షవర్ తిప్పితే ఒక చెంబుడు నీళ్లు వచ్చి టపటప బొట్లు పడి ఆగిపోయింది. మళ్లీ గీజర్ కాక్ తిప్పి, ధార వచ్చాక ఎంసీబీ వేసి, అరగంట ఆగి షవర్ తిప్పితే ముందు ఒక నిమిషం చల్లన వచ్చి తర్వాత వేడి. నిజంగా వేడి. రెండు నెలల తర్వాత.

ఒకటే ఇబ్బంది ఇంకా. ధార బాగా సన్నంగా ఉంది, చల్లన వైపు తిప్పితే వచ్చే దాంట్లో సగం కూడా లేదు, అమ్మ భుజం మీద పడితే తెలియనంత సన్నం. దానికేం చెయ్యాలి?

పెన్నాగట్టు:

గీజర్ దగ్గర నీళ్లు పోయే చోట ఎన్ఆర్‌వీ అని ఒక ఇత్తడి ముక్క ఉంటుంది, ధార అక్కడే తగ్గేది, దాన్ని తీసేసి పైపు డైరెక్టుగా బిగించెయ్, మా వీధిలో ఒకాయన అట్టాగే చేయించుకున్నాడు, ధార బ్రహ్మాండంగా ఉంది.

ఒంగోలు ప్లంబర్:

తమ్ముడూ ఆ పని మాత్రం ఎవరికీ చెప్పొద్దు, చెప్పినా ఎవరూ వినొద్దు. కోపం కాదు, భయంతో చెప్తున్నా.

ఆ ఇత్తడి ముక్క రెండు పనులు చేస్తుంది. ట్యాంకు ఖాళీ అయినప్పుడు గీజర్‌లో నీళ్లు వెనక్కి జారిపోకుండా ఆపుతుంది, జారిపోతే ఉత్త గీజర్ కాలి ఎలిమెంటు పోద్ది. రెండోది ఇంకా ముఖ్యం, చాలా గీజర్లలో ఒత్తిడి ఎక్కువైతే బయటికి వదిలే ఏర్పాటు కూడా అందులోనే ఉంటుంది. థర్మోస్టాట్ ఎప్పుడన్నా అతుక్కుపోయి నీళ్లు ఆగకుండా కాగితే ఆ ఒత్తిడి పోవడానికి దారి అదే. గీజర్ కాగేటప్పుడు దాని పక్క రంధ్రంలోంచి అప్పుడప్పుడు నాలుగు బొట్లు పడతాయి, అది లీకు కాదు, నీళ్లు వేడెక్కి పొంగినవి పోతున్నాయి. ఆ రంధ్రానికి ఎంసీల్ పెట్టి మూసేసినోళ్లని కూడా చూశా నేను. గీజర్ పగలడం అంటే టపాకాయ పేలినట్టు కాదు, గోడలు లేచిపోతాయి.

తీసి శుభ్రం చేసి మళ్లీ అక్కడే బిగించాలి. పాడైపోతే కొత్తది, గీజర్ మీద రాసుండే ఒత్తిడికి సరిపోయేది, కొనాలి.

కందుకూరు పెద్దాయన:

నేను నీళ్ల సరఫరా డిపార్ట్‌మెంటులో చేసి రిటైరైన వాణ్ణి. ప్లంబర్ గారు చెప్పిన దానికి వంక పెట్టాల్సిందేం లేదు, నీళ్ల సంగతి మాత్రం నేను కొంచెం చెప్తా, ఎందుకంటే ఈ అబ్బాయి ఇంట్లో ధార తగ్గింది ఆ నీళ్ల వల్లే అయ్యుంటుంది.

మన వైపు బోర్లలో కాఠిన్యం ఎక్కువ. తాగే నీళ్లకి భారత ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. సబ్బు నురగ రాకపోవడం, కుళాయి మూతికి తెల్లగా కట్టడం, బకెట్ అంచుకి చారలు పడడం, ఇవన్నీ దాని గుర్తులే. అట్టాంటి నీళ్లని కాగబెడితే కరిగి ఉన్న సున్నం విడిపోయి గార కడుతుంది. ఎంత ఎక్కువ కాగితే అంత ఎక్కువ గార. కాబట్టి గీజర్ 75 డిగ్రీలకి పెట్టి తర్వాత చల్లన కలుపుకునే బదులు 50, 55 దగ్గర పెట్టుకుంటే గార తక్కువ, కరెంటూ తక్కువ.

చాలామంది ఇది ఫ్లోరైడు అనుకుంటారు, కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడు గొడవ అందరికీ తెలిసిందే కాబట్టి తెల్లగా ఏది కనిపించినా దాని పేరే చెప్తారు. కాదు. ఫ్లోరైడు పళ్లనీ ఎముకల్నీ తింటుంది, కంటికి కనపడదు, కాగబెట్టినా పోదు. గీజర్లో కట్టేది సున్నం. రెండూ ఒకే బోరులో ఉండొచ్చు, కానీ రెండూ వేరు. గార కట్టని నీళ్లు కదా అని తాగేయొద్దు, గార కట్టింది కదా అని ఫ్లోరైడని కంగారు పడొద్దు. తాగేవాళ్లు పరీక్ష చేయించుకోవాల్సిందే.

ఇక శుభ్రం చెయ్యడానికి నిమ్మ ఉప్పు చాలు, కిరాణా షాపులో దొరుకుతుంది. ఒక చెంబు గోరువెచ్చటి నీళ్లలో మూడు చెంచాలు కలిపి, ఊడదీసిన ఇత్తడి ముక్కలు, జల్లెడలు, షవర్ తల అందులో వెయ్యి. బుస్సుమని బుడగలు వస్తాయి, సున్నం కరుగుతున్న గుర్తు. బుడగలు ఆగాక పాత పళ్లబ్రష్షుతో రుద్దు. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం వాడొద్దు, పైన మెరుపు పూత లేచిపోద్ది, ఆ పొగ గొంతులో పడితే మనిషికీ మంచిది కాదు.

పొదిలి టీచర్:

పెద్దాయన గారూ ఫ్లోరైడు సంగతి భలే విడమరిచారు, మా స్కూలు పిల్లలకి ఇదే మాట చెప్పడానికి నేను తంటాలు పడుతుంటా. తెల్లగా గార కడితేనే చెడ్డ నీళ్లనుకుంటారు, తేటగా ఉంటే గటగటా తాగేస్తారు. మీరు చెప్పింది అట్లాగే రేపు బోర్డు మీద రాస్తా.

ఒంగోలు ప్లంబర్:

కావలి అబ్బాయ్, మొదలుపెట్టే ముందు ఎంసీబీ దించడం మర్చిపోకు, ట్యాంకు వాల్వు కట్టు, గీజర్ నీళ్లు చల్లారనీ. కింద బకెట్ పెట్టుకుని ముందు గీజర్‌కి ఎక్కే కనెక్షన్ పైపు ఊడదియ్. దాని మూతిలో, కాక్ మూతిలో ఏముందో చూడు. తర్వాత ఎన్ఆర్‌వీ. చేత్తో తిప్పితే రాదు, స్పానర్ వేసేటప్పుడు ఇంకో చేత్తో గీజర్ గొట్టం కదలకుండా పట్టుకోవాలి, మొత్తం మెలేస్తే లోపల ట్యాంకు అతుకు దెబ్బతింటది. ధైర్యం చాలకపోతే మనిషిని పిలువు, సుత్తి లేకుండా వచ్చేవాణ్ణి.

కావలి అబ్బాయి:

ఆదివారం మా బాబాయిని తోడు పెట్టుకుని కూర్చున్నా, ఆయనకి మోటార్ల పని తెలుసు. ఎంసీబీ దించి, ముందు రోజు రాత్రి నుంచే గీజర్ వెయ్యలా, నీళ్లు పూర్తిగా చల్లారినాయి.

కనెక్షన్ పైపు ఊడదీసి లోపల చూస్తే చిటికెన వేలు పట్టాల్సిన చోట పుల్ల కూడా పట్టట్లా. గోడల చుట్టూ పెంకు కట్టినట్టు తెల్లగా గార, గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలింది. ఎన్ఆర్‌వీ లోపల స్ప్రింగు సగం దూరం వచ్చి ఆగిపోయింది, బాబాయి పెన్సిల్‌తో నొక్కి చూపించాడు, కదల్లా. నిమ్మ ఉప్పు నీళ్లలో వేసినాం, పెద్దాయన గారు చెప్పినట్టే బుస్సుమంది, మా చిన్నది పక్కన కూర్చుని సోడా సోడా అని ఒకటే గోల. గంటన్నర తర్వాత తీసి రుద్దితే ఇత్తడి రంగు బయటపడింది, స్ప్రింగు టకటకా ఆడుతుంది. కనెక్షన్ పైపు మటుకు గీకడం అనవసరం అని బాబాయి కొత్తవి రెండు తెమ్మన్నాడు, ట్రంకు రోడ్డులో తెచ్చినా. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి నీళ్లు వదిలితే ఒకచోట కారింది, ఇంకో రెండు చుట్లు చుట్టినాం, ఆగింది.

షవర్ తల కూడా ఊడదీసి నానబెట్టినా, సగం రంధ్రాలు మూసుకునే ఉన్నాయి దాంట్లో. కార్ట్రిడ్జ్ జోలికి పోలా, అవసరం పడలా.

ఇప్పుడు వేడి వైపు ధార, చల్లన వైపు ధార దాదాపు ఒకటే. గీజర్ 55 దగ్గర పెట్టినా. కొత్త పైపులకి, టేపుకి, నిమ్మ ఉప్పుకి కలిపి 400 దాటలా.

సింకు సంగతి అడగాలి అన్నా. పనమ్మాయికి చెప్తే పాపం చాలా బాధపడింది, నా వల్లే అమ్మకి చల్లనీళ్లు వచ్చాయా అని. ఆమె తప్పేముంది, నీళ్లు ఆగిపోతే కట్టినట్టే అనుకుంటారు ఎవరైనా, పెట్టించింది నేను. స్ప్రే ఆమెకి చేతికి సుఖంగా ఉంది, తీసెయ్యడం నాకిష్టం లేదు. దాన్ని ఉంచుకునే దారేమన్నా ఉందా?

ఒంగోలు ప్లంబర్:

ఉంది. సింకు కింద రెండు యాంగిల్ కాకుల తర్వాత, మిక్సర్‌కి పోయే ముందు, వేడి పైపుకొకటి చల్లన పైపుకొకటి చిన్న ఎన్ఆర్‌వీలు పెట్టించు. నీళ్లు మిక్సర్ వైపు పోతాయి కానీ వెనక్కి రావు. అప్పుడు తిప్పుళ్లు తెరిచి స్ప్రే వదిలేసినా ఒక లైను ఇంకో లైన్లోకి పోదు. కొనేటప్పుడు స్ప్రింగు మెత్తగా ఉండేవి అడుగు, మీది పై పోర్షన్, ఒత్తిడి తక్కువ, గట్టి స్ప్రింగు అయితే సింకులో ధార చచ్చిపోద్ది. నోటితో ఊదితే గాలి తేలిగ్గా అటుపక్కకి పోవాలి, తిప్పి ఊదితే అస్సలు పోకూడదు, షాపులోనే చూసుకో. వాటిల్లోనూ గార పడుతుంది, ఏడాదికోసారి తీసి కడుక్కోవాలి. పెట్టించిందాకా తిప్పుళ్లు కట్టమని చెప్పు, అది చాలు.

ఆరేళ్ల గీజర్ కదా, లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకుకి పట్టాల్సిన తుప్పు అది పట్టించుకుని కరిగిపోతా ఉంటుంది. నీది ఈపాటికి అయిపోయుంటుంది. సర్వీసు వాళ్లని పిలిచి అది చూపించు.

దర్శి రైతుబిడ్డ:

లేటుగా వచ్చా అన్నా, మాకూ ఇదే బాధ, కానీ మా ఇంట్లో వేరే సింకులు, స్ప్రేలు ఏం లేవు, షవరూ కింద కుళాయి అంతే. గీజర్ కాక్ కట్టేసి పరీక్ష చేశా, షవర్‌లో నీళ్లు ఆగలేదు. పొద్దున్నా సాయంత్రం ఒకటే మాదిరి, వేడి రాదు.

ఒంగోలు ప్లంబర్:

వేరే మిక్సర్ లేదు, పూటల తేడా లేదు, అయినా ఆగలేదు. అయితే నీది డైవర్టర్ లోపలే క్రాస్. టీచరమ్మ గారు పైన రాసింది మొత్తం చదివి కార్ట్రిడ్జ్ బయటికి తియ్యి, బిళ్ల పగిలుంటుంది. బాడీలో గుంటలకి ఎదురుగా మొహం పెట్టకు, ట్యాంకు వాల్వు కొద్దిగా వదిలి లోపలున్న బెడ్డలు కడిగేసి, మళ్లీ కట్టి, అప్పుడు కొత్తది పెట్టు.

కావలి అబ్బాయి:

అన్నా ఎన్ఆర్‌వీలు తెచ్చినా, ఊది చూసే తెచ్చినా, షాపాయన నన్ను వింతగా చూశాడు. బాబాయి సాయంత్రం బిగించాడు. బిగించాక తిప్పుళ్లు రెండూ కావాలనే తెరిచి పెట్టి గీజర్ కాక్ కట్టి మళ్లీ పరీక్ష చేసినా, షవర్ ఆగిపోయింది.

ఇయ్యాల ఆరు కాకముందే మెలకువ వచ్చింది నాకు, బాత్రూంలో షవర్ చప్పుడు. అమ్మ ఎవర్నీ లేపకుండా తనే వెళ్లి పోసుకుంటా ఉంది, లోపల్నించి సన్నగా తిరుప్పావై పాశురం వినపడుతుంది. బయటికొచ్చి భుజం చూపించి, ఇంతెత్తు లేచింది రా ఇయ్యాల అంది.